సెంట్రింగ్ పీరా కట్టిన గోడ

రాయచోటిలో పీరా ఇంటి ముందు గదిలో, అక్తర్ బీ కుట్టు మిషనుకు సరిగ్గా ఎదురుగా, గోడ మీద పెచ్చు ఊడిన చోటు ఒకటుంది. చిన్న నెలవంకలా ఉంటుంది. అద్దం తగిలించుకోవడానికి ఒక మేకు కొట్టమని ఓ సెలవులో ఆమె మొగుణ్ని అడిగిన పాపానికి మిగిలిన గుర్తు అది. దుబాయ్‌లో ఆకాశమంత భవనాలకు పనిచేసే మనిషికి మేకు ఒక లెక్కా అనుకుంది ఆమె. పీరా కూడా అలాగే అనుకున్నాడు. మేకు వంగింది, సుత్తి జారింది, దాని అంచు గోడకు తగిలి సిమెంటు రాలింది.

చెక్కలో మేకు కొట్టడం వేరు, గోడలో కొట్టడం వేరు అని పీరా ఎంత మొత్తుకున్నా ఆమె చెవిన పెట్టలేదు. మర్నాడు సిమెంటు కలిపి పూడుస్తానంటే ఒప్పుకోలేదు. జాకెట్టు కొలతలిచ్చేందుకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ దాన్ని చూపించడం ఆమెకు సరదా అయిపోయింది.

"మా ఇంటాయప్ప దుబాయ్‌లో పెద్ద మేస్త్రీ. ఇదో, ఆయప్ప పనితనం ఇదే. ఇంగేం కట్టినాడో నేనైతే సూడలేదమ్మా" అనేది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

నవ్వులాటకే అనేది. పీరా కూడా నవ్వేవాడు. కానీ ఆ చివరి మాట మాత్రం అతనికి లోపల ఎక్కడో గుచ్చుకునేది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు.

పీరా చేసేది సెంట్రింగ్ పని. స్తంభానికైనా, గోడకైనా, కప్పుకైనా కాంక్రీటు పోసేముందు చెక్కతో, ప్లైవుడ్‌తో అచ్చు కట్టాలి. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ అచ్చు విప్పేసి మరో చోటికి మోసుకుపోవాలి. విప్పిన చోట ప్లాస్టర్ పడుతుంది. దాని మీద రంగు, దాని మీద రాయో గాజో. టైల్స్ వేసినవాడి టైల్స్ కళ్లెదురుగా మెరుస్తుంటాయి, ప్లంబర్ బిగించిన కుళాయి కూడా అందరి చేతికీ అందుతూ ఉంటుంది. సెంట్రింగ్ వాడిది మాత్రం ఏదీ మిగలదు. జెబెల్ అలీ గోడౌన్ల నుంచి సముద్రపు ఒడ్డు టవర్ల దాకా పీరా చెయ్యి పడని రకం కట్టడం లేదు. అతని చెయ్యి కనిపించే కట్టడమూ లేదు.

ఫోన్లో ఫొటోలు పంపేవాడు. అక్తర్ బీ వాటిని వేళ్లతో పెద్దవి చేసి, పక్కకు జరిపి, తిరగేసి చూసి, వెంటనే ఫోన్ చేసేది.

"గాజు కనబడతాండాది. గాజులో ఎండ కనబడతాండాది. ఇందులో నువ్వు యాడుండావయ్యా?"

"లోపల."

"లోపలంటే యాడ?"

 గాజు పగలగొట్టి, రాయి ఊడదీసి, ప్లాస్టర్ గీకితే అక్కడ ఉంటానని పీరా చెప్పాలి. పెళ్లాంతో ఎవరైనా అలా చెప్పుకుంటారా?

కరోనా వచ్చిన ఏడు జెబెల్ అలీలో పీరా ఉండే క్యాంపు గేటుకు తాళం పడింది. జ్వరం వచ్చినవాళ్లను విడిగా ఒక వరుస గదుల్లోకి మార్చారు. వాళ్లలో పీరా ఒకడు. తలుపు బయట భోజనం పొట్లాలు పెట్టి, తలుపు తట్టి, మొహం కూడా చూపించకుండా వెళ్లిపోయేవారు. పక్క మంచం మీద యాసీన్ ఉండేవాడు. నెల్లూరివాడు. పీరా గ్యాంగులోనే పని. అచ్చు విప్పాక కాంక్రీటు మీద చిన్న చిన్న లోపాలుంటే సిమెంటు పాలు రుద్ది నున్నగా చేసే మనిషి. అతని దగ్గు వింటూ పీరా గోడవైపు తిరిగి పడుకునేవాడు. అంతకాలం గోడల మధ్యే బతికినవాడు ఒక గోడను అంతసేపు చూడడం అదే మొదటిసారి. తెల్ల రంగు వేసి ఉంది. దీనికి సెంట్రింగ్ ఎవడు కొట్టాడో, వాడిప్పుడు ఎక్కడున్నాడో అని ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన అతన్ని జ్వరం కంటే ఎక్కువ భయపెట్టింది.

ఒళ్లు కాలిపోతున్న ఒక సాయంత్రం వీడియో కాల్లో అన్నాడు, "అక్తరూ, నాకేమన్నా అయితే అనమ్‌ను..."

"నోర్ముయ్" అంది అక్తర్ బీ. ఎప్పుడూ నవ్వే మొహం బిగుసుకుపోయింది. "నీకేమీ గాదు. నువ్వు కట్టింది ఒగటంటే ఒగటి నాకు సూపీకుండా నువ్వు యాడికీ పోయేదానికి లే. ముందు అది సూపీ. ఆ మీదట ఏమన్నా మాట్లాడు." అని ఫోన్ పెట్టేసింది. పెట్టేసి మిషను మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చిందని కూతురు అనమ్ తర్వాతెప్పుడో చెప్పింది.

జ్వరం తగ్గింది. ఆ మాట మాత్రం పీరాను వదల్లేదు. అరవై దగ్గర పడుతోంది. ఆ వయసొచ్చిన సెంట్రింగ్ మేస్త్రీకి తన కంపెనీ మళ్లీ వీసా కొట్టించదని అతనికి తెలుసు. ఇంటికి పోయేలోపు ఒక్కటి, తన చెయ్యి కనిపించేది, పెళ్లాన్ని తీసుకొచ్చి ఇదిగో అని చూపించగలిగేది, ఒక్కటి కట్టాలి. నమాజు చేసుకుని చేతులెత్తినప్పుడు ఆరోగ్యం తర్వాత అతను అడిగేది అదే.

*

రెండేళ్లకు కంపెనీ అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, చిన్నపిల్లల క్లినిక్ ఒకటి కట్టే పని పట్టింది. అక్కడికి వెళ్లమనగానే పీరా ఎగిరి గంతేశాడు. అనమ్ పెళ్లి చేసుకుని ఆ చుట్టుపక్కలే కాపురం ఉంటోంది. అల్లుడు షాహబాజ్ ముసఫ్ఫాలో ఏసీ మెకానిక్. సెలవు రోజున కూతురి చేతి అన్నం తినొచ్చు. అంతకు మించి ఆ పనిలో తనకేదో ఉందని అతనికి అప్పటికి తెలియదు.

సైట్ ఇంజనీరు కాత్యాయని. కాకినాడ అమ్మాయి. గొంతు పెంచకుండా పని చేయించుకోవడం తెలిసిన మనిషి. మొదటివారంలోనే గ్యాంగునంతా పిలిచి, నేల మీద డ్రాయింగు పరిచింది.

"పీరా గారూ, గేటు నుంచి డాక్టరు గది దాకా వెళ్లే దారిలో ఈ పొడుగాటి గోడ ఉంది చూడండి. దీనికి ప్లాస్టర్ లేదు. పెయింటు లేదు. రాయి లేదు. మీరు అచ్చు విప్పాక ఎలా ఉంటుందో అలాగే వదిలేస్తాం. మీరు కొట్టిన చెక్క దాని మీద కనబడాలి. పిల్లలు లోపలికి వెళ్తూ చెయ్యి రాసుకుంటూ వెళ్తారని ఆర్కిటెక్ట్ ఆలోచన. ముందు ఒక శాంపిల్ గోడ పోసి చూపిద్దాం."

ప్లాస్టర్ లేదు అన్న మాట దగ్గరే పీరా చెవులు మూసుకుపోయాయి. ఆ తర్వాత ఆమె చెప్పిందంతా గాలికి పోయింది. ముసుగు లేని గోడ! తాను విప్పింది విప్పినట్టే జనం కళ్ల ముందు నిలబడే గోడ! అల్లా ఇన్నాళ్లకు విన్నాడనుకున్నాడు. అలాంటి గోడ మీద వెంట్రుకంత గీత కూడా ఉండకూడదనుకున్నాడు.

ఇందులో అతన్ని తప్పు పట్టడానికి లేదు. పని నేర్చుకునే రోజుల్లో కరీముల్లా మేస్త్రీ అతనికి నేర్పిన మొదటి పాఠం అదే. చెక్క గుర్తు గోడ మీద పడిందా, నెత్తిన మొట్టికాయ పడేది. "గోడను సూస్తే గోడే కనపడాల, నువ్వు కనపడితే పని సెడిపోయినట్టే" అనేవాడు ఆ పెద్దాయన. మొట్టికాయలతో నేర్చుకున్నది ఎముకల్లో ఇంకిపోతుంది. పని నేర్చిన ప్రతి సెంట్రింగ్ వాడూ తన గుర్తును తానే చెరిపేసుకోవడంలో ఆరితేరినవాడే. పీరా అందులో అందరికంటే ఘనుడు.

కాబట్టి శాంపిల్ గోడకు ఏం చేశాడంటే, చెక్కలన్నింటికీ స్వయంగా చిత్రిక పట్టాడు. అరచెయ్యి వేస్తే జారిపోయేంత నున్నగా పట్టాడు. సందులన్నీ లప్పంతో పూడ్చాడు. కాంక్రీటు అంటుకోకుండా నూనె రెండు పూతలు వేయించాడు. కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక అచ్చు విప్పితే, అంత చేసినా అక్కడక్కడా చెక్క ఈనె చాయలు లీలగా పడ్డాయి. ఇంకేముంది, యాసీన్ స్పాంజీ, సిమెంటు పాలూ పట్టుకుని దిగాడు. ఇద్దరూ కలిసి రుద్దారు, తుడిచారు, మళ్లీ రుద్దారు. మధ్యాహ్నానికి గోడ పాల మీగడలా తయారైంది. గ్యాంగంతా దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగింది.

పీరా ఫొటో తీసి ఇంటికి పంపాడు. "ఇది నాది" అని వాయిస్ పెట్టాడు.

కాసేపటికి జవాబొచ్చింది. "ఇది గోడ. మనింట్లో గూడా ఉండాది. మనదాని మీదైతే నెలవంక గూడా ఉండాది."

పీరా ఫోన్ జేబులో పెట్టుకునేలోపే కాత్యాయని వచ్చింది. గోడ ముందు నిలబడింది. ఒక పక్క నుంచి చూసింది, ఇంకో పక్క నుంచి చూసింది, దగ్గరికెళ్లి చెయ్యి వేసింది.

"గీతలేవీ?" అంది.

"ఏ గీతలు మేడమ్?"

"చెక్క గీతలు. ఈనెలు, ముడులు..."

"అన్నీ తీసేసినాం మేడమ్!" అన్నాడు పీరా ఛాతీ విరుచుకుని. "ఒక్కటుంటే నా చెవి కోసిస్తా. యాసీన్ పొద్దున్నించీ రుద్దతానే ఉండాడు."

కాత్యాయని పక్కనున్న సిమెంటు బస్తా మీద కూలబడింది. తిట్టి ఉంటే పీరాకు తేలిగ్గా ఉండేది. ఆమె తిట్టలేదు. ఆ పని ముదీర్ వచ్చి చేశాడు. పైనుంచి చూడడానికొచ్చిన పెద్ద మేనేజరు అతను, అరబ్బీ కలిసిన హిందీలో మాట్లాడతాడు. గోడను ఒక్క చూపు చూసి, "ఖలాస్" అన్నాడు. ఇలాంటి గోడలే కట్టే కంపెనీలు వేరే ఉన్నాయి, వాళ్లను పిలుద్దాం, ఈ గ్యాంగును మళ్లీ జెబెల్ అలీ బేస్‌మెంట్ పనికి పంపేద్దాం అన్నాడు. కాత్యాయని బతిమాలి ఇంకొక్క శాంపిల్‌కు ఒప్పించింది. అది కూడా తప్పితే ఇక మాట్లాడేది లేదని చెప్పి అతను కారెక్కాడు.

 ఇన్నాళ్లూ అడిగిన ఒక్క గోడా వచ్చి చేతిలో పడితే, పీరా తన చేత్తో తానే రుద్ది చెరిపేశాడు.

కాత్యాయని లేచి, చెత్త కుప్పలోంచి ఒక చెక్క లాగి తెచ్చింది. ఎండకూ తేమకూ ఆరి, పైపొర అరిగి, ఈనెలు తేలిన పాత చెక్క. "దీని మీద చెయ్యి పెట్టి చూడండి" అంది.

పీరా తడిమాడు. ఈనెలు ఎగుడుదిగుడుగా వేళ్లకు తగిలాయి. మధ్యలో కంటిగుడ్డు లాంటి ముడి.

"ఇది గోడ మీదికి రావాలి పీరా గారూ. ఇదే. మీరు దీన్ని దాచేస్తున్నారు."

"ఇది పనికిరాని చెక్క మేడమ్. దీన్ని గోడకు కొట్టింటే మా మేస్త్రీ నన్ను ఊరు దాటేదాకా తరిమింటాడు."

"మీ మేస్త్రీ గోడలకు పైన ప్లాస్టర్ ఉండేది కదండీ. దీనికి లేదు. దీనికి ఉన్నదంతా మీరే."

ఆ చివరి మాటకు పీరా తల దించుకున్నాడు. ఆమె మొదటిరోజు చెప్పింది కూడా ఇదే. తనే వినలేదు.

*

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో పాత చెక్క అమ్మే యార్డు ఒకటుంది. పీరా, యాసీన్ కంపెనీ వ్యానులో అక్కడికి వెళ్లారు. మేస్త్రీలంతా నున్నటి చెక్క, నిటారు చెక్క ఏరుకుంటుంటే పీరా వాళ్లు వదిలేసినవి ఏరుకున్నాడు. ఈనె తేలింది, ముడి ఉన్నది, రంపం గాట్లు కనిపించేది. ఒక్కో చెక్కనూ ఎత్తి పక్కన పెడుతుంటే లోపల కరీముల్లా మేస్త్రీ మొట్టికాయలు వేస్తున్నట్టే ఉంది. యార్డువాడు యాసీన్‌ను పక్కకు పిలిచి, పెద్దాయనకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

"బాగానే ఉండాడు భాయ్" అన్నాడు యాసీన్. "ఉల్టా పని నేర్చుకుంటా ఉండాడు, అంతే."

సైటుకొచ్చాక ప్రతి చెక్కకూ వైర్ బ్రష్ పట్టించాడు. మెత్తటి భాగం రాలిపోయి గట్టి ఈనె పైకి తేలేదాకా ఆపనివ్వలేదు. తర్వాత నీళ్ల తొట్టిలో నానబెట్టించాడు. అబుదాబి ఎండకు చెక్క ముడుచుకుపోతే సందుల్లోంచి సిమెంటు నీళ్లు కారిపోతాయి, గోడ మీద చారలు పడతాయి. అందుకని తడి గోనెపట్టాలు కప్పి, బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాడు. నూనె కూడా గుడ్డతో పలచగా అద్దాడంతే. ఇదంతా కాత్యాయని దగ్గరుండి చూసింది, కొన్ని చోట్ల చెప్పింది, కొన్ని చోట్ల అడిగి తెలుసుకుంది.

రెండో శాంపిల్ అచ్చు విప్పిన ఉదయం గ్యాంగంతా చుట్టూ చేరింది. ఆఖరి చెక్క ఊడి వచ్చింది. గోడ మీద చెక్క నిలబడి ఉంది. ఈనెలూ, ముడులూ, రంపం గాట్లూ అన్నీ ఉన్నాయి, కానీ అంతా బూడిద రంగు కాంక్రీటు. పీరాకు ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే చెయ్యి దురద పెట్టింది. అక్కడక్కడా ఆవగింజంత గాలి బుడగల గుంటలున్నాయి మరి.

యాసీన్ చేతిలో స్పాంజీ అప్పటికే తడిసి ఉంది. "పీరన్నా, రెండే నిమిషాలు. ఆ చిన్న చిన్నయి మూసేస్తా. ఎవురికీ తెలీదు."

పీరా ఒక్క అడుగు ముందుకేశాడు. ఆగాడు. గభాలున స్పాంజీ లాక్కుని ఇసక కుప్ప మీదికి విసిరేశాడు. సిమెంటు బస్తా, బకెట్టు, తాపీ అన్నీ స్టోరు గదిలో పడేయించి, తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్లి కాత్యాయని చేతిలో పెట్టాడు.

"ఇది మీ కాడ పెట్టుకోండి మేడమ్. వాని మీద నమ్మకం లేదు. నా మీద అసలే లేదు."

 ఆ మధ్యాహ్నం ముదీర్ వచ్చాడు. గోడ ముందు నిలబడ్డాడు. ఈసారి ఒక్క చూపుతో సరిపెట్టలేదు. దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించి, పైనుంచి కింది దాకా మెల్లగా జరిపాడు. తర్వాత వెనక్కి తిరిగి, "యల్లా, షురూ కరో" అన్నాడు. గ్యాంగంతా ఒక్కసారిగా కేక పెట్టింది. యాసీన్ వెళ్లి ఇసక కుప్పలోంచి తన స్పాంజీ తెచ్చుకున్నాడు.

కాత్యాయని తాళంచెవి తిరిగి ఇవ్వబోయింది. గోడ పూర్తయ్యేదాకా అది ఆమె దగ్గరే ఉండాలని పీరా పట్టుబట్టాడు.

*

అసలు గోడకు సెంట్రింగ్ కొట్టడానికి చాలా రోజులు పట్టింది. కాంక్రీటు పోసే రోజు తెల్లారేసరికి ఒక్క చెక్క మిగిలింది. అడుగు నుంచి నడుమెత్తులో, దారి మలుపులో వచ్చే చెక్క. అది తానే కొడతానని పీరా సుత్తి తీసుకున్నాడు. కాంక్రీటు లారీ గేటు దగ్గరికొచ్చింది, దాని డ్రమ్ము గర్రున తిరుగుతోంది. ఎండ ఎక్కేలోపు పోసేయాలి. ఎవరో యల్లా యల్లా అని అరుస్తున్నారు. పీరా చేతికి చెమట పట్టింది. మేకు దిగింది గానీ, ఆఖరి దెబ్బకు సుత్తి జారి దాని అంచు చెక్కలో, కాంక్రీటు తగిలే వైపే, కూరుకుపోయింది.

చూస్తే చిన్న నెలవంక.

 అలవాటు కొద్దీ పీరా చెయ్యి జేబులోకి పోయింది. తాళం వేయించుకున్నా సరే, జేబులో లప్పం డబ్బీ ఉండనే ఉంది. మూత తీశాడు. అప్పుడే కాత్యాయని వచ్చింది.

"దెబ్బ పడింది మేడమ్" అని తనే చెప్పాడు. "చెక్కలో గుంట పడితే గోడ మీద బొడిపె లేస్తాది. పూడ్చమంటారా?"

ఆమె వంగి గుంటను వేలితో తడిమింది. "నానబెట్టిన చెక్క ఇంకోటి లేదు కదా?"

"లేదు."

"మిగతా గీతలతో పాటు ఇదీ ఒకటి. గోడకేం నష్టం లేదు. మీకెలా ఉంచాలనిపిస్తే అలా ఉంచండి" అని ఆమె లారీ దగ్గరికి వెళ్లింది.

పీరా లప్పం వేలికి తీసుకున్నాడు. గుంట దాకా తీసుకెళ్లాడు. కరీముల్లా మేస్త్రీ గుర్తొచ్చాడు, మొట్టికాయ గుర్తొచ్చింది. దాంతో పాటు జెబెల్ అలీ క్యాంపు గదిలో చూస్తూ పడుకున్న తెల్ల గోడ కూడా గుర్తొచ్చింది. వేలిని ప్యాంటుకు తుడుచుకుని, డబ్బీ మూత పెట్టి, "పోసేయండి" అని కేకేశాడు.

*

క్లినిక్ తెరిచారు. పీరాకు మళ్లీ వీసా కొట్టించడం లేదని కంపెనీ ముందే చెప్పింది. అతను ఎదురుచూసిందే కాబట్టి దానికి పెద్దగా బాధపడలేదు. వెళ్లిపోయే నెలకు కాస్త ముందు అనమ్‌కు ఆడపిల్ల పుట్టింది. అక్తర్ బీ విజిట్ వీసా మీద మొదటిసారి విమానం ఎక్కి, మిషను మీద కుట్టిన చిన్న చిన్న గౌన్ల మూటతో దిగింది. మనవరాలికి టీకా వేయించడానికి అందరూ బయల్దేరారు. ఎక్కడికని ఆమె అడగలేదు. పీరా చెప్పలేదు. దారి పొడుగునా అతను మాట్లాడకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకుందామె.

గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే అక్తర్ బీ ఆగిపోయింది.

"ఇదేంది, ఇంత పొడుగు చెక్క గోడ! ఈ ఎండలో చెదలు పట్టదా?"

"చెక్క గాదు. సిమెంటు."

"పోవయ్యా" అని ఆమె చెయ్యి వేసింది. చల్లగా, రాయిలా తగిలింది. మళ్లీ తడిమింది. "ఈనె ఉండాది. ముడి ఉండాది. మరి సిమెంటంటావేంది?"

"మేం కొట్టిన చెక్కలు. విప్పేసినాం. వాటి గుర్తు గోడ మీద నిలబడింది" అన్నాడు పీరా.  "ఇది నేను కట్టింది, అక్తరూ."

అనమ్ బిడ్డనెత్తుకుని తండ్రి మొహం వైపే చూస్తోంది.  అక్తర్ బీ గోడ వెంట నడిచింది, చెయ్యి తీయకుండా. కొంత దూరం వెళ్లి వెనక్కి చూసి, కళ్లు చికిలించింది.

"నువ్వే కొట్టినావని గుర్తేంది? ఇంగెవురన్నా కొట్టుండొచ్చు గదా?"

 ఇన్నేళ్ల తర్వాత కూడా మళ్లీ అదే ప్రశ్న. యాసీన్‌ను సాక్ష్యం పిలవాలా, కాత్యాయని మేడమ్‌కు ఫోన్ చేయాలా అని ఆలోచిస్తూ పీరా నిలబడ్డాడు. అక్తర్ బీ నడుస్తూనే ఉంది. దారి మలుపు దగ్గర ఆమె చెయ్యి చటుక్కున ఆగింది. కుట్టు కుట్టే వేళ్లు కదా, దారం ముడి తగిలినా తెలుస్తుంది. వంగింది. కళ్లద్దాలు తీసి పెట్టుకుని, మొహం గోడకు ఆనించేంత దగ్గరగా చూసింది.

"ఇదేందయ్యా ఇది?"

"అదా..." పీరా తల గోక్కున్నాడు. "సుత్తి జారింది."

 ఆమెకు నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని, పక్కనున్న బెంచీ మీద కూర్చుని, లోపల టీకాల కోసం కాచుకున్న తల్లులంతా తలలు తిప్పి చూసేలా నవ్వింది.

"అమ్మీ, మెల్లగా" అంది అనమ్.

"మెల్లగా ఏందే! నీళ్లలో మునిగి ప్రమాణం చేసినా నమ్మకపోదును. ఇదైతే నమ్మాల్సిందే. ఈ భూమ్మీద ఇట్ల జారే సుత్తి ఇంగొగటి లేదు." నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒత్తుకున్నకొద్దీ నీళ్లు వస్తూనే ఉన్నాయి. "కట్టినావయ్యా. నువ్వే కట్టినావు. నేను సూసినా."

లేచి మనవరాలిని చేతుల్లోకి తీసుకుంది. ఆ పిడికిలి మెల్లగా విప్పి, ఆ బుల్లి అరచేతిని బొడిపె మీద ఆనించింది. పీరా పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. క్యాంపు గదిలో జ్వరంతో పడుకున్న రోజు నుంచి మోస్తున్న బరువు దిగిపోయి, ఒళ్లంతా తేలికైపోయింది.

రాయచోటికి తిరిగొచ్చిన వారానికే పీరా, చేతులు ఊరుకోక, ఇల్లంతా కలియదిరిగాడు. కిటికీ రెక్క సరిచేశాడు, గడప బిగించాడు. కాస్త సిమెంటు కలుపుకుని ముందు గదిలోకొచ్చి, కుట్టు మిషను ఎదురుగా ఉన్న గోడ ముందు నిలబడ్డాడు. తాపీ ఎత్తాడో లేదో, వెనకనుంచి మిషను చప్పుడు ఆగిపోయింది.

"దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా" అంది అక్తర్ బీ.

"నువ్వే గదా ఇన్నేళ్లూ అందరికీ సూపెట్టి నగుబాటు చేసింది."

"ఇంగ గూడా సూపిస్తా" అంటూ ఆమె దారం తెంపి మళ్లీ సూదిలోకి ఎక్కించింది. "దాని జత అబుదాబిలో ఉండాది. ఇది పూడ్చేస్తే నువ్వు అది కట్టినావని రాయచోటిలో ఎవరు నమ్ముతారు?"